ఆట నడుమ ఆగు తెర: ల్యాప్‌టాప్ క్షణిక స్తంభనకు కారణాన్వేషణ

ల్యాప్‌టాప్‌పై ఆట సాగుచుండగా తెర కదలిక లేక నిలిచిపోవుటయు, అర సెకనుకో రెండు సెకన్లకో ఏమియు జరుగనట్లు మరల సాగుటయు నేటి విద్యార్థులలో పలువురు ఎరిగిన విషయమే. తెలుగు విద్యార్థి దీనిని “హ్యాంగయింది” అనును. ప్రక్కనున్న ఉర్దూ మిత్రుడు “అటక్ గయా” అనును. మాట ఏదైనను బాధ ఒక్కటియే. ఈ దోషము ఎప్పుడు వచ్చునో తెలియదు. మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయి చూపినప్పుడు రానే రాదు. అందువలన దీనికి చెప్పబడు చికిత్సలు చాలవరకు ఊహలపై ఆధారపడి యుండును. ఒకరు విండోస్ మరల వేయుమందురు, ఒకరు ర్యామ్ పెంచుమందురు, మరియొకరు క్రొత్త యంత్రమే కొనుమందురు.

ఆటలను గూర్చిన వ్యాసమునకు కళాశాల వార్షిక సంచికలో చోటేల యని పెద్దలు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. మన ఇండ్లలో ల్యాప్‌టాప్ ఆటవస్తువుగా కొనబడదు. అన్న ప్రాజెక్టు నివేదికకు, చెల్లెలి ఆన్‌లైన్ పాఠములకు, ఇంటిల్లిపాది ఉపకారవేతన దరఖాస్తులకు తరచుగా ఒక్కటే యంత్రము ఆధారము. ఆ యంత్రముచేత అన్ని పనులకంటె ఎక్కువ శ్రమ చేయించునది ఆట. కావున లోపలనున్న లోపము తరచుగా ఆటలోనే మొదట బయటపడును. ఆ లోపము కేవలము దుమ్ము కావచ్చును. నివేదికను దాచుకొన్న డిస్కు చెడిపోవుచున్నదను హెచ్చరికయు కావచ్చును. ఈ రెంటి భేదమును తెలిసికొనుట ఎట్లో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

స్తంభన యనగా నేమి?

తెరపై కనబడు కదలిక నిజమునకు నిశ్చల చిత్రముల వరుస. ఒక్కొక్క చిత్రమును ఫ్రేము అందురు. సెకనుకు 60 ఫ్రేములు రావలెనన్నచో ఒక్కొక్క ఫ్రేమును సిద్ధపరచుటకు యంత్రమునకు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉండును. ఆ వ్యవధిలో ప్రాసెసర్ లెక్కలు కట్టవలెను, డిస్కు నుండి కావలసిన సమాచారము రావలెను, గ్రాఫిక్స్ ప్రాసెసర్ చిత్రమును గీయవలెను. వీరిలో ఏ ఒక్కరు ఆలస్యము చేసినను మిగిలినవారందరు వేచియుండవలసినదే. ఆ నిరీక్షణయే మనకు స్తంభనగా కనబడును.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఆటలో మూలన కనబడు సగటు ఫ్రేముల సంఖ్య ఈ దోషమును దాచివేయును. నిమిషమునకు 3600 ఫ్రేములు రావలసియుండగా, అర సెకను స్తంభనలో 30 ఫ్రేములు పోయినవనుకొందము. మిగిలినవి 3570, సగటు సెకనుకు 59.5. సంఖ్యను చూచినవారు యంత్రము దివ్యముగా ఉన్నదందురు. ఆడువాడు ఆ అర సెకనులో ఓడిపోవును. కావున సగటును గాక, ఒక్కొక్క ఫ్రేముకు పట్టిన కాలమును చూడవలెను. ఎమ్.ఎస్.ఐ. ఆఫ్టర్‌బర్నర్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ వంటి ఉచిత సాధనములు ఆ కాలమును రేఖాపటముగా చూపును. ఆ రేఖ ఎక్కడ నిటారుగా లేచునో అక్కడ స్తంభన కలదని తెలిసికొనవచ్చును.

మందుకు ముందు నాడి

హకీమైనను వైద్యుడైనను నాడి చూడనిదే మందు వ్రాయడు. ఇక్కడను అంతే. స్తంభన కలిగిన ప్రతిసారి నాలుగు విషయములను పుస్తకములో వ్రాసికొనవలెను: ఆట మొదలైన ఎంతసేపటికి వచ్చినది, ఎంతసేపు ఉన్నది, ఆ సమయమున ఏమేమి ఆగినవి, ఆటలో ఏమి జరుగుచుండెను.

ఈ నాలుగింటిలో మూడవది ముఖ్యము. పలువురు కలిసి ఆడు ఆటలో మన పాత్ర మన ఆజ్ఞకు కదలుచుండగా ఇతరులు మాత్రము నిలిచిపోయి, పిదప ఒక్కసారిగా వేరొకచోట ప్రత్యక్షమైనచో దోషము నెట్‌వర్కులో ఉన్నదని గ్రహింపవలెను. అట్టి సమయమున పింగ్ ఆజ్ఞను ఇంటి రౌటర్ చిరునామాకు ఎడతెగక పంపుచు ఆడి చూచినచో, రౌటర్ నుండియే జవాబు ఆలస్యమగుచున్నదా, లేక దోషము బయట ఉన్నదా తెలియును. చిత్రము ఆగి శబ్దము మాత్రము సాగుచున్నచో అనుమానము సాధారణముగా ఆటపైకి గాని, గ్రాఫిక్స్ విభాగముపైకి గాని పోవును. చిత్రముతోబాటు శబ్దము కూడ తెగి, మౌస్ గుర్తు సైతము కదలనిచో మొత్తము యంత్రమే ఆగినదన్నమాట. డ్రైవరును, డిస్కును, మూలఫలకమును పరీక్షింపవలెను.

మొదటి కర్తవ్యము: డిస్కు పరీక్ష

అన్ని కారణములలో డిస్కు ముందు పరీక్షింపదగినది. అది తరచుగా కారణమగుట చేత గాదు; అది కారణమైనచో నష్టము తిరిగి పూడ్చుకొనలేనిది యగుట చేత. ఆట ఆగిన మరల ఆడవచ్చును. మూడు నెలల నివేదిక పోయినచో మరల వ్రాయుటకు గడువు ఉండదు.

నిమిషమునకు 5400 మార్లు తిరుగు హార్డ్ డిస్కునకు ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పట్టును. తల జరుగుట, పళ్ళెము తిరుగుట కలిపి ఒక చిన్న సమాచారమును వెదకి తెచ్చుటకు పది మిల్లీసెకన్లకు పైగా కావచ్చును. ర్యామ్ నుండి అదే సమాచారము సుమారు 100 నానోసెకన్లలో వచ్చును. అనగా భేదము లక్ష రెట్లు. డిస్కు మంచిదైనను ఇంత నిదానము. ఇక పాడైన భాగమును చదువలేక మరల మరల ప్రయత్నించు డిస్కు సెకన్ల కొలది ఆలస్యము చేయును.

పరీక్ష కష్టము కాదు. టాస్క్ మేనేజర్‌లో డిస్కు నూరు శాతము పనిలో ఉన్నట్లు చూపుచు, సమాచార వేగము మాత్రము అత్యల్పముగా ఉన్నచో అది అనుమానింపదగిన గుర్తు. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరచి, సిస్టమ్ విభాగములో స్తంభన కలిగిన నిమిషమునకు ఎదురుగా ఏమి వ్రాయబడినదో చూడవలెను. డిస్కు పేర 7వ సంఖ్య పాడైన భాగమును, 153వ సంఖ్య మరల చేయబడిన ప్రయత్నమును తెలుపును. నిల్వ పరికరపు డ్రైవరు పేర వచ్చు 129వ సంఖ్య జవాబీయని పరికరమును మరల మొదటికి తెచ్చినట్లు తెలుపును. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అను ఉచిత సాధనము డిస్కు తన్ను గూర్చి తాను వ్రాసికొనిన స్మార్ట్ లెక్కలను చూపును. హార్డ్ డిస్కులో రీఎలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల సంఖ్య వారము వారము పెరుగుచున్నచో ఇక ఆలోచింపరాదు. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక డిస్కుపై నకలు తీయవలెను. నకలు తీయకముందు డిస్కును బాగుచేయు కార్యక్రమములను నడుపరాదు. చివరి దశలో ఉన్న డిస్కునకు ఆ శ్రమయే ప్రాణాంతకము కావచ్చును.

డిస్కునకు సంబంధించిన నిరపాయకరమైన కారణములును కలవు. రెండవ హార్డ్ డిస్కు ఉన్న యంత్రములలో, కొంతసేపు పని లేనిచో ఆ డిస్కు నిద్రపోవునట్లు పవర్ అమరిక యుండును. ఆట దానిని పిలిచినప్పుడు లేచి తిరుగుటకు కొన్ని సెకన్లు పట్టును. అంచు వరకు నిండిన ఎస్.ఎస్.డి.లు వ్రాతపనిలో మందగించును. మొదటిదానికి అమరిక మార్పు, రెండవదానికి కొంత చోటు ఖాళీ చేయుట చాలును.

ఉష్ణము, విద్యుత్తు

ఆట మొదలైన పది, ఇరువది నిమిషముల పిదపనే స్తంభన మొదలగుచున్నచో ఉష్ణమును అనుమానింపవలెను. చాల ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులలో నిర్ణయింపబడి యుండును. ఆ హద్దును తాకగానే ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును, చల్లబడగానే పెంచుకొనును. ఈ ఎత్తుపల్లములే ఆటలో కుదుపులుగా తోచును. హెచ్‌డబ్ల్యుఇన్ఫో అను ఉచిత సాధనము ఉష్ణోగ్రతను, వేగమును ఫైలులో వ్రాసియుంచును. కుదుపు వచ్చిన నిమిషముననే ఉష్ణోగ్రత హద్దును తాకి, వేగము పడిపోయినచో కారణము రుజువైనట్లే.

ల్యాప్‌టాప్ ఫ్యాను గదిలోని గాలితోనే యంత్రమును చల్లబరచును. తెలంగాణములోను, రాయలసీమలోను వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటుట సామాన్యము. అట్టి గదిలో, పరుపుపై పెట్టి, క్రింది రంధ్రములు మూసి ఆడినచో శీతాకాలమున బాగుగా ఉన్న యంత్రమే వేసవిలో ఆగుట వింత గాదు. గట్టి బల్లపై, వెనుక భాగమును కొంచెము ఎత్తిపెట్టి ఆడవలెను. ఆటలోని అమరికలలో ఫ్రేముల పరిమితిని 60కో, అంతకు తక్కువకో తగ్గించినచో ఉష్ణము వెంటనే తగ్గును. దీనికి పైసా ఖర్చు లేదు. గాలి ద్వారములలోని దుమ్మును యంత్రమును ఆపివేసిన పిదపనే తీయవలెను. గాలి ఊదునప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరుగకుండ పట్టియుంచవలెను. లోపలి థర్మల్ పేస్టు మార్చుట అనుభవజ్ఞుల పని. వారంటీ ఉన్నచో దాని షరతులను చదువకుండ యంత్రమును విప్పరాదు.

విద్యుత్తు సంగతియు దీనికి తోడైనదే. చాల యంత్రములు బ్యాటరీపై నడచునప్పుడు గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు శక్తిని తగ్గించును. అసలు చార్జరు పోయి, తక్కువ వాట్ల చార్జరు వాడుచున్నవారికి ఇదే బాధ కలుగును. చార్జరుపై ముద్రించిన వాట్లను యంత్రమునకు కావలసిన వాట్లతో సరిపోల్చవలెను. తీగ పెట్టియుండగనే ఆట సమయమున బ్యాటరీ శాతము తగ్గుచున్నచో శక్తి చాలుటలేదని అర్థము. చార్జరు పిన్ను వదులైనచో యంత్రము క్షణము సేపు బ్యాటరీకి మారి మరల వచ్చును. ఆ మార్పు సమయమున తెర ఆగుట కలదు. స్తంభన వచ్చినప్పుడు బ్యాటరీ గుర్తును గమనించినచో ఈ విషయము తేలును.

జ్ఞాపకము, తెరవెనుక పనులు

ర్యామ్ చాలనప్పుడు విండోస్ దానిలోని కొంత సమాచారమును డిస్కుపై గల పేజ్ ఫైలులోనికి పంపును. మరల కావలసినప్పుడు అక్కడి నుండి తెచ్చుకొనవలెను. పైన చెప్పిన లక్ష రెట్ల భేదము ఇక్కడ మనకు తగులును. 8 జి.బి. ర్యామ్ గల యంత్రములో బ్రౌజర్‌ను ఇరువది ట్యాబులతో తెరచియుంచి ఆట ఆడినచో జరుగునది ఇదే. ర్యామ్ కొనుటకు ముందు అన్నిటిని మూసి ఆడి చూడవలెను. స్తంభన మాయమైనచో కారణము తెలిసినది. అప్పుడు కొనుట వివేకము.

స్తంభన గడియారము పెట్టినట్లు సమాన వ్యవధులలో వచ్చుచున్నచో ఏదో కార్యక్రమము వేళ ప్రకారము మేల్కొనుచున్నదని ఊహింపవచ్చును. యాంటీవైరస్ పరీక్ష, విండోస్ అప్‌డేటు, క్లౌడ్‌కు ఫైళ్ళు పంపు సాధనము ఇట్టివి. ఉష్ణోగ్రతను కొలుచు సాధనములు సైతము మరీ తరచుగా కొలిచినచో ఒక్కొక్కప్పుడు కుదుపు కలిగించును. కావున కొలతలు ముగిసిన పిదప వానిని కూడ మూసి ఒకసారి ఆడి చూడవలెను.

గ్రాఫిక్స్ విభాగము

ఆటలకని అమ్మబడు చాల ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఉండును: ప్రాసెసర్‌లో కలిసియున్న చిన్నది, విడిగా ఉన్న పెద్దది. ఆట పొరపాటున చిన్నదానిపై నడచుచుండవచ్చును. టాస్క్ మేనేజర్‌లో ఏది పని చేయుచున్నదో చూచి, విండోస్ డిస్‌ప్లే అమరికలలోని గ్రాఫిక్స్ భాగమున ఆ ఆటకు పెద్దదానిని నియమింపవచ్చును.

తెర కొన్ని సెకన్లు ఆగి, నల్లబడి, తిరిగి వచ్చినచో ఈవెంట్ వ్యూయర్‌లో 4101 సంఖ్య కొరకు వెదకవలెను. గ్రాఫిక్స్ ప్రాసెసర్ మామూలుగా 2 సెకన్లలో జవాబీయనిచో విండోస్ దాని డ్రైవరును మరల మొదలుపెట్టును. ఆ సంగతియే అక్కడ వ్రాయబడును. తయారీదారు ఇచ్చిన క్రొత్త డ్రైవరు వేయుట మొదటి ఉపాయము. క్రొత్తది వేసిన నాటి నుండియే బాధ మొదలైనచో పాతదానికి తిరిగిపోవుట సరియైన ఉపాయము.

మరియొక రకము స్తంభన కలదు. ఒక క్రొత్త ప్రదేశమునకు పోయినప్పుడు, ఒక ఆయుధమును మొదటిసారి వాడినప్పుడు తెర ఆగును. రెండవసారి అదే చోట ఆగదు. ఇది షేడర్లను సిద్ధపరచుటకు పట్టు కాలము. కాంతి, నీడ, పొగ మున్నగువానిని గీయు చిన్న కార్యక్రమములే షేడర్లు. వానిని ప్రతి యంత్రములోను అందలి గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు తగిన భాషలోనికి మార్చి దాచుకొనవలెను. ఇది ల్యాప్‌టాప్ దోషము కాదు. యంత్రమును శుభ్రపరచెదమను సాఫ్ట్‌వేర్లు కొన్ని ఈ దాచిన షేడర్లను చెరిపివేయును. దానితో ఆట మరల మొదటి నుండి ఆగనారంభించును. కొన్ని ఆటలు మొదట తెరచినప్పుడే ఈ పనిని ముగించుకొనును. ఆ కొద్ది నిమిషములు ఓపిక పట్టవలెను.

2022 నాటి ఒక ఉదాహరణ

ఇంత చూచినను కారణము దొరకని సందర్భములు కలవు. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా ఏర్పాటు అవసరమైనది. ఏ.ఎమ్.డి. రైజెన్ ప్రాసెసర్లలో దీనిని ప్రాసెసర్‌తోబాటు వచ్చు ఫర్మ్‌వేర్ రూపమున అమర్చిరి. దీనిని వాడుచున్న కొందరికి, శక్తిమంతమైన యంత్రములలో సైతము, అప్పుడప్పుడు చిత్రము, శబ్దము రెండును తెగుట మొదలైనది. డ్రైవర్లు మార్చినను, విండోస్ మరల వేసినను పోలేదు. 2022 మార్చిలో ఆ సంస్థయే కారణమును ప్రకటించినది: కొన్ని యంత్రములలో ఈ భద్రతా ఏర్పాటు మూలఫలకముపై గల ఫ్లాష్ మెమరీతో జరుపు వ్యవహారము ఒక్కొక్కప్పుడు దీర్ఘమగును, అది ముగియువరకు యంత్రము తాత్కాలికముగా ఆగును. 2022 మే నెల నుండి మూలఫలకముల తయారీదారులు బయోస్ సవరణలను విడుదల చేయనారంభించిరి.

ఆ దోషము ఆటలో లేదు, గ్రాఫిక్స్‌లో లేదు, ర్యామ్‌లో లేదు. ఊహతో క్రొత్త భాగములు కొన్నవారి ధనము వృథాయే. ఇట్టి బయోస్ సవరణ చేయువారు ఒక జాగ్రత్త పాటింపవలెను. డిస్కుపై బిట్‌లాకర్ తాళము ఉన్నచో దాని రికవరీ కీని ముందుగా వేరొకచోట వ్రాసియుంచుకొనవలెను. లేనిచో యంత్రము తెరచునప్పుడు ఆ కీని అడుగగా చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చును. సవరణ నడుచుచుండగా విద్యుత్తు పోకుండునట్లు చూచుకొనవలెను.

ఒక్కసారికి ఒక్క మార్పు

పై కారణములన్నియు తెలిసినను పద్ధతి లేనిచో ఫలితముండదు. డ్రైవరు మార్చి, ర్యామ్ వేసి, దుమ్ము తీసి, అన్నియు ఒకే దినమున చేసినచో స్తంభన పోయినను దేనివలన పోయినదో తెలియదు. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, తేదీతో వ్రాసికొనవలెను. ఖర్చు లేనివి, వెనుకకు తీసికొనదగినవి ముందు. ఖర్చు గలవి, తిరిగిరానివి చివర.

మార్పు చేసిన పిదప ఎంతసేపు ఆడి చూడవలెను? గణాంకశాస్త్ర విద్యార్థులు దీనికి పాయిజాన్ విభాజనముతో జవాబు చెప్పగలరు. గంటకు సగటున 3 మార్లు యాదృచ్ఛికముగా వచ్చు స్తంభన, ఏ మార్పు చేయకున్నను, 20 నిమిషముల పాటు రాకుండుటకు సంభావ్యత సుమారు 37 శాతము. గంటసేపు రాకుండుటకు సుమారు 5 శాతము. కావున ఇరువది నిమిషములు ఆడి “బాగుపడినది” అనుకొనుట తొందరపాటు. గంటకు తక్కువ గాకుండ చూడవలెను. వీలైనచో చేసిన మార్పును వెనుకకు తీసి, బాధ మరల వచ్చుచున్నదేమో కూడ చూడవలెను. వచ్చినచో కారణము నిశ్చయమైనది.

విండోస్ మరల వేయుట, డిస్కును ఫార్మాట్ చేయుట అన్నిటికంటె చివరి ఉపాయములు. ఇంట ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనినట్లు, కారణము తెలియకుండ అన్నిటిని చెరిపివేయుట తగదు. డిస్కే చెడినదైనచో ఫార్మాట్ వలన బాధ పోదు, ఫైళ్ళు మాత్రము పోవును.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. భాగమును మార్చి పరీక్షించుట కారణమును తేల్చు మార్గములలో సులభమైనది. కాని మార్చి చూచుటకు మరియొక భాగము విద్యార్థి యొద్ద ఉండదు. మన కంప్యూటరు ప్రయోగశాలలో నకళ్ళు తీసికొనుటకు ఒక బాహ్య డిస్కును, పరీక్ష కొరకు ఒక ర్యామ్ జతను, తగిన వాట్ల చార్జరును, గాలి ఊదు పరికరమును ఉంచి, వారమునకొక సాయంత్రము విద్యార్థులకు అందుబాటులో ఉంచినచో క్రొత్త యంత్రము కొనవలసిన అవసరము లేని ఇండ్లు కొన్ని ఆ ఖర్చు నుండి తప్పించుకొనును. ప్రతి విద్యార్థి తన యంత్రములో కనుగొన్న కారణమును అక్కడ ఒక పుస్తకములో వ్రాసి పోయినచో మరుసటి సంవత్సరపు విద్యార్థికి అది ఉపకరించును.

విద్యార్థి మిత్రులారా, ఈసారి ఆట నడుమ తెర ఆగినప్పుడు ముందు గడియారము చూచి సమయము వ్రాసికొనుడు. ఆ రాత్రియే మీ నివేదికకు ఒక నకలు తీయుడు. తక్కిన పరీక్షలు మరునాడు చేయవచ్చును.